డబ్బా అక్క వీపు మీది చెయ్యి

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ క్లినిక్కు వాచ్‌మన్ దగ్గర్నుంచి ల్యాబులో పెద్ద మేడం దాకా అందరికీ ఆవిడ డబ్బా అక్కే. ఆవిడ ఎక్కడుంటే అక్కడ ఒక నీలం రంగు ఐసు డబ్బా ఉంటుంది మరి. మూత తీస్తే వరసగా నిలబెట్టిన చిన్న చిన్న గొట్టాలు, వాటిలో ఊళ్ళోవాళ్ళ నెత్తురు. వీధికొకటిగా ఉన్న క్లినిక్కుల్లో తీసిన నెత్తుర్ని ఫ్లైఓవర్ అవతలున్న పెద్ద ల్యాబుకి మోటారు సైకిల్ మీద చేరవేయడం ఆవిడ ఉద్యోగం.

ఇదేం పెద్ద పని అనుకునేరు! నెత్తురు ఊరికే అలిగే రకం. ఎండ తగిలితే అలుగుతుంది, ఆలస్యమైతే అలుగుతుంది, అన్నిటికన్నా ఎక్కువగా కుదుపుకి అలుగుతుంది. గొట్టం అదేపనిగా ఊగిపోయిందంటే లోపల నెత్తురు చితికి, పైకి తేరుకోవాల్సిన పసుపచ్చ నీరు కాస్తా గులాబి రంగుకి తిరుగుతుంది. ఇక అది పరీక్షకి పనికిరాదు. "మళ్ళీ తీయించుకు రండి" అంటారు ల్యాబులో. అంటే ఎక్కడో ఓ ముసలాయనకో, ఓ పసిగుడ్డుకో మళ్ళీ సూది. డబ్బా అక్క పనిలో చేరిన నాటి నుంచి మొన్నమొన్నటిదాకా ఆవిడ డబ్బా ఒక్కటీ వెనక్కి రాలేదు. నగా లేదు, నట్రా లేదు, ఆవిడకున్న గొప్పల్లా అదే.

ఆ గొప్పలో సగం వాళ్ళ అన్నకి చెందుతుంది. అన్న మోటారు సైకిళ్ళ మెకానిక్కు. చెల్లెలు ముప్పై దాటాక, మొగుడు పోయి, ఏదో ఒక పని వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ఆయనే ఆవిడకి బండి నేర్పాడు. నేర్పిన బండిని ఇంట్లో అందరూ ముసలిది అనేవాళ్ళు. ఒకటే పెద్ద సిలిండరు, డుబ్బు డుబ్బు మంటూ నడుస్తుంది. వేగం చూస్తే సైకిలు వాడు కూడా నవ్వుతాడు గానీ, క్లచ్ మెల్లగా వదిలితే చాలు, ఎంత ఎత్తయినా నిండు గర్భిణి మెట్లెక్కినంత జాగ్రత్తగా ఎక్కుతుంది.

అన్న నేర్పే పద్ధతే వేరు. వెనక సీటు మీద కూర్చుని, కుడి అరచెయ్యి తెచ్చి చెల్లెలి వీపు మధ్యలో ఆనించేవాడు. చెయ్యి నొక్కితే క్లచ్ వదలాలి. నొక్కుడు పెరిగితే ఇంకొంచెం రేసివ్వాలి. చాలనిపిస్తే ఆవిడ రెండు భుజాలూ ఒక్కసారి ఎగరెయ్యాలి. ఎగరేసిన క్షణమే చెయ్యి తీసేసేవాడు. అది వాళ్ళిద్దరి ఒప్పందం.

"టార్కు టార్కు అంటావ్, అసలు టార్కంటే ఏంటన్నయ్యా?" అని అడిగిందొకసారి.

"ఇదే" అని వీపు మీద నొక్కాడు. "ఎవరో వెనకనుంచి చెయ్యేసి తోసినట్టు ఉంటుంది చూడూ, అదీ."

"మరి హార్స్ పవర్?"

"ఆ తోపుడే, ఎంత గబగబా తొయ్యగలదో ఆ లెక్క. మెల్లగా తోసినా గట్టిగా తోసేవాడొకడు. చిన్నచిన్నగానే తోస్తాడు గానీ కన్ను మూసి తెరిచేలోగా వందసార్లు తోసేవాడింకొకడు. పందెంలో రెండోవాడు గెలుస్తాడు. సిగ్నల్ దగ్గర, సందుల్లో, నీలాంటి దానికి మొదటివాడే దిక్కు. నడువ్, నడువ్, వెనక బస్సువాడు తిడుతున్నాడు!"

ఆ చేతికి ఉంగరం వేలు లేదు. అందుకే వీపు మీద ఆ చెయ్యి ఆనితే, చొక్కా గుడ్డలోంచి కూడా నాలుగు చోట్ల వెచ్చగా, మధ్యలో ఒకచోట ఖాళీగా తెలిసేది. ఆ ఖాళీని డబ్బా అక్క వీపు ఎన్నడూ మరిచిపోలేదు.

వేలు పోయింది అంతకు ముందెప్పుడో, ఎర్రదాని దగ్గర. ఎర్రదంటే నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బైకు. ముందు భాగం నుజ్జయి ఎవరిదో తెలియకుండా తుక్కులోకి వచ్చిన బండిని అన్న ముచ్చటపడి తెచ్చుకుని, బాగుచేసుకున్నాడు. ఓ రోజు దాని చెయిను తుడుస్తూ, ఇంజన్ ఆపకుండా, గేరులో ఉంచి, తిరుగుతున్న చెయిను మీద గుడ్డ పెట్టాడు. పని తొందరలో మెకానిక్కులు చేసే తప్పే అది. చక్రం తిరుగుతుంటే తుడవడం సుళువు కదా అని! గుడ్డతో పాటు వేలు పళ్ళచక్రంలోకి పోయింది. చిత్రమేమిటంటే, షెడ్డులో ఎవరు ఆ తప్పు చేయబోయినా వాళ్ళని నానా మాటలూ అనేది ఆయనే. అలాంటివాడు తనే ఎందుకు చేశాడో ఎవరికీ అంతుబట్టలేదు. అడిగితే మాట మార్చేసేవాడు. ఆ తర్వాత ఎర్రదాని మీద పరదా కప్పి మూలకి తోసేశాడు.

అన్న మొన్న వానాకాలంలో నిద్రలోనే పోయాడు. ఆ దిగులు తీరకముందే ముసలిది కూడా మొరాయించింది. అన్నతో కలిసి షెడ్డు నడిపిన గ్రీజు మేస్త్రి దాన్ని విప్పి, సిలిండరు గోడలు అరిగిపోయాయని, సామాను దొరికేదాకా ఆగాలని పెదవి విరిచాడు.

"ఆగితే నా డబ్బా ఎవరు మోస్తారు?" అంది డబ్బా అక్క.

"ఆ మూలదొకటి పడుందిగా" అంది వదిన. అన్న భార్య, మనిషి వెన్న, నోరు మాత్రం కత్తి. "తీసుకుపో అమ్మాయ్. మీ అన్న దాన్ని నాకంటే ఎక్కువ చూసుకున్నాడు కొన్నాళ్ళు. పరదా కింద ఊరికే ఉండి ఏం చేస్తుంది, గుడ్లు పెడుతుందా?"

అలా ఎర్రది డబ్బా అక్క చేతికొచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

వెనక క్యారియరు లేదు. చిన్న పలకంత సీటు మీద డబ్బాని రబ్బరు పట్టీలతో బిగిస్తే, అది సరిగ్గా ఆవిడ వీపుని ఆనుకునేది. మధ్యలో అరచెయ్యి పట్టే సందు కూడా ఉండేది కాదు. ఇక నడక సంగతి చెప్పక్కర్లేదు. క్లచ్ కాస్త వదిలితే ఠక్కున ఆగిపోతుంది. ఆగకుండా రేసిస్తే ముందుకి ఎగురుతుంది. అన్నిటికన్నా ఫ్లైఓవర్ ఎత్తు ఒక నరకం. కింద సిగ్నల్, పైదాకా బారుగా బళ్ళు, నత్తనడక. ఇంజన్ సెగ మోకాళ్ళని కాల్చేస్తుంటే, సగం క్లచ్ మీద ఆవిడా బండీ ఇద్దరూ ఎగిరెగిరి పడుతూ ఎక్కేవాళ్ళు.

"ఇన్ని గుర్రాల బండి అంటారు, ఒక్కటీ లాగదేం మేస్త్రీ?" అని మొత్తుకుంది.

గ్రీజు మేస్త్రి నవ్వాడు. "దీని గుర్రాలన్నీ మేడ మీద కాపురం చెల్లెమ్మా. ఇంజన్ చుట్లు చూపే మీటరు ముల్లు పదివేలు దాటితే గానీ ఒక్కటీ కిందికి దిగిరాదు. నీ రూట్లో ముల్లు మూడువేలు దాటే జాగా ఎక్కడుంది? ముసలిదానికి ఉన్న నాలుగు గుర్రాలూ గుమ్మంలోనే కట్టేసి ఉంటాయి. పిలిస్తే పలుకుతాయి."

"నీ గుర్రాల కథలు తర్వాత. ముసలిదాన్ని తొందరగా లేపు."

ఆ వారమే జరగకూడనిది జరిగింది. డబ్బా వెనక్కొచ్చింది. గొట్టాల్లో నీరు గులాబి రంగు. ల్యాబు మేడం కళ్ళజోడు పైనుంచి చూసి, "నీ నుంచి ఇది అనుకోలేదక్కా. ఇంకోసారైతే రూటు వేరేవాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది" అంది. రూటు మాట అలా ఉంచండి, క్లినిక్కులో నర్సమ్మ మళ్ళీ సూది తీసుకుని ఒక చంటిదాని చెయ్యి వెతుకుతుంటే, ఆ పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, డబ్బా అక్క గుమ్మం బయట చెవులు మూసుకుని నిలబడింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. ఎండకి తారు మెరుస్తోంది. ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడింది, ఆకుపచ్చ వెలిగింది, ఆవిడ ఊపిరి బిగబట్టి క్లచ్ వదలబోయింది.

వీపు మధ్యలో ఎవరో అరచెయ్యి ఆనించారు.

అదురుకి క్లచ్ మొత్తం వదిలేసింది. బండి ఆగిపోవాలి. ఆగలేదు! ముల్లు రెండువేల దగ్గర బద్ధకంగా పడుకునే ఉంది, ఎర్రది మాత్రం ముసలిదాని కంటే మెత్తగా, ఒక్క కుదుపు లేకుండా ఎత్తెక్కేసింది. పైకి చేరాక చెయ్యి తీసేసినట్టయింది. ల్యాబు గుమ్మంలో దిగి డబ్బా తడిమి చూసుకుంది. పట్టీలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. డబ్బా ఆవిడ వీపుకి ఆనుకునే వచ్చింది. మరి చెయ్యెక్కడ పట్టింది?

ఆలోచించి ఆలోచించి ఓ సమాధానం చెప్పుకుంది. గ్రీజు మేస్త్రి తనకి చెప్పకుండా చిన్న పళ్ళచక్రం మార్చి ఉంటాడు. పళ్ళు తగ్గితే వేగం తగ్గి పుల్లింగ్ పెరుగుతుందని అన్న చెప్పేవాడు. సాయంత్రం వెళ్ళి, "చల్లగా ఉండు మేస్త్రీ, బండి భలే చేశావ్" అంది.

"నేనేం చేశాను?" అన్నాడాయన. మూత విప్పి, లైటు వేసి చూశాడు. "పాతదే, పళ్ళన్నీ ఉన్నాయి. దీని చెయిను ముట్టుకోవద్దని మీ అన్న నా చేత ఒట్టేయించుకున్నాడు తల్లీ. రెండువేల దగ్గర ఈ ఇంజన్లో ఏమీ లేదు. ఎండిన బావి. అందులోంచి నీళ్ళు తోడానంటే నేను నమ్మను."

అప్పుడు గానీ డబ్బా అక్క మనసులో మాట పైకి రాలేదు. అన్నయ్య. ఇంకెవరు? బండి అన్నది, పద్ధతి అన్నది. చెల్లెలు అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఆ రాత్రి చాన్నాళ్ళకి కంటినిండా నిద్రపోయింది.

అక్కణ్ణుంచి రోజులు హాయిగా దొర్లాయి. సిగ్నల్ దగ్గర ఆగడం, వీపు మీద చెయ్యి ఆనడం, బండి సాగిపోవడం. డబ్బాలో గొట్టాలు కదిలేవి కావు. "మళ్ళీ పాత డబ్బా అక్క వచ్చేసింది" అంది ల్యాబు మేడం. ఆవిడ హెల్మెట్ లోపలే కబుర్లు చెప్పేది. "అన్నయ్యా, వదిన మోకాళ్ళ నొప్పులంటోంది, మందు తెచ్చాను." "అన్నయ్యా, వాన పడేలా ఉంది, కాస్త చూసుకో." పక్కనున్న ఆటోవాళ్ళు ఫోన్లో మాట్లాడుతోందనుకునేవాళ్ళు.

ఒకటి రెండు సంగతులు మాత్రం ఆవిడకి మింగుడుపడలేదు. మొదట్లో ఎత్తు దగ్గరే వచ్చిన చెయ్యి ఇప్పుడు చదును రోడ్డు మీద కూడా వస్తోంది. సిగ్నల్ ఇంకా ఎర్రగా ఉండగానే నొక్కుతోంది. అన్నకెప్పుడూ అంత తొందర లేదు.

ఆదివారం వదిన ఇంటికెళ్ళింది. తలుపు తీసిన వదిన ఏదో అనబోయి, ఆవిడ లోపలికి నడుస్తుంటే వెనకనుంచి, "ఆగు" అంది. "నీ చొక్కా మీద అదేంటే?"

"ఏంటి?"

"విప్పు ముందు."

తెల్ల చొక్కా విప్పి మంచం మీద పరిచారు. వీపు మధ్యలో నల్లగా, నూనె మరకలా, ఒక అరచేతి అచ్చు. చెయిను గ్రీజు వాసన. వదిన నోరు కత్తి అన్నానా, ఆ కత్తి ఒరలోకి పోయింది. వేలితో తాకకుండా, గాల్లోనే, ఒక్కొక్క వేలి అచ్చు మీదుగా చూపుడువేలు జరిపింది.

"అయిదున్నాయి అమ్మాయ్."

డబ్బా అక్క వంగి తనూ లెక్కపెట్టింది. నిజమే. ఇన్నాళ్ళూ వీపు చెబుతూనే ఉంది, తనే వినిపించుకోలేదు. ఖాళీ ఏదీ? ఉంగరం వేలి చోట ఖాళీ ఏదీ?

"పోయాక... పోయిన వేలు మళ్ళీ వచ్చిందేమో వదినా" అంది, గొంతు తనకే వినపడనంత మెల్లగా.

వదిన మంచం అంచున కూర్చుంది. తర్వాత చెప్పింది. "వేలు పోయిన రోజు ఆసుపత్రిలో నేనే పక్కనున్నా. ఇంత తెలిసినవాడివి, తిరిగే చెయిన్లో ఎలా పెట్టావయ్యా చెయ్యి అని తిట్టా. ఏమన్నాడో తెలుసా? 'చక్రం తిరుగుతోంది, నేను చూస్తూ నిలబడ్డానంతే. నా చెయ్యి నేను పెట్టలేదే. ఎవరో వీపు మీద చెయ్యేసి తోశారు' అన్నాడు. షెడ్డులో ఆ టైముకి ఈగ కూడా లేదు. తప్పు ఒప్పుకోలేక కోతలు కోస్తున్నాడనుకున్నా. నవ్వా కూడా." చొక్కా అంచు పట్టుకుని మడిచేసింది. "నువ్వింక ఆ బండి ఎక్కకు."

"రేపొక్కరోజు వదినా. మొన్న నా వల్ల రెండోసారి సూది పడిందే, ఆ చంటిదాని నెత్తురు మళ్ళీ ఇవ్వాలి. ఆ పిల్లకి మందు మార్చాలో వద్దో దాన్ని బట్టే. ఇంకే బండి దొరుకుతుంది?"

"నడిచిపో."

"అంత దూరం నడిస్తే ఐసు కరిగిపోదూ!"

సోమవారం పొద్దున్న. గొట్టాలన్నీ సర్దుకుని, చంటిదాని గొట్టాన్ని దూదిలో చుట్టి నడిమధ్యలో పెట్టుకుని, డబ్బా అక్క ఎర్రదాన్ని తీసింది. చెయ్యి సందు చివరే వచ్చేసింది. ఈసారి ఆవిడ అన్నయ్యా అనలేదు. వేళ్ళు లెక్కపెట్టుకుంది. అయిదు. వెచ్చగా లేవు కూడా. ఎండలో ఉన్న ఇనుము నీడలోకి వచ్చాక ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

ఫ్లైఓవర్ ఎత్తు మొదలైంది. సగం దూరం ఎక్కాక, పైన ఒక బస్సు ఆగి ఉంది. వెనక తలుపు తీసి ఉంది, బడి పిల్లలు దిగి రోడ్డు మీద గుంపుగా నిలబడ్డారు. బస్సు చెడిపోయినట్టుంది.

డబ్బా అక్క రెండు భుజాలూ ఎగరేసింది.

చెయ్యి తీయలేదు.

మళ్ళీ ఎగరేసింది. అన్న అయితే రెండోసారి దాకా ఎందుకు, సగం ఎగరెయ్యగానే తీసేసేవాడు. చెయ్యి ఇంకా నొక్కింది. క్లచ్ పూర్తిగా పట్టేసింది. ఇక ఇంజన్‌కీ చక్రానికీ సంబంధం లేదు. ఎత్తు మీదున్న బండి వెనక్కి జారాలి. జారలేదు, పైకే పోతోంది! తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది. చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చెయిను మాత్రం చకచకా తిరుగుతున్న సద్దు, ముందుకి, ముందుకి. బ్రేకులు రెండూ పట్టింది. టైర్లు కీచుమని ఈడ్చుకుంటూ పైకి పాకాయి. పిల్లల్లో ఒక పిల్ల వెనక్కి తిరిగి ఆవిడ వంక చూసింది. కాదు, ఆవిడ భుజం మీదుగా వెనక్కి చూసింది. చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

డబ్బా అక్క మరి ఆలోచించలేదు. హ్యాండిలు ఒక్క లాగు లాగి, బండిని పక్క గోడకేసి రాసేసింది. ఇనుము గోడని గీకుతూ, నిప్పురవ్వలు రేపుతూ, మోచెయ్యి చర్మం ఊడ్చేస్తూ కొంతదూరం పోయి, పిల్లలకి అల్లంత దూరంలో ఆగింది. దిగింది. పట్టీలు విప్పి, డబ్బాని గుండెలకి హత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా నడక మొదలుపెట్టింది. ఎత్తు అయిపోయేదాకా వీపు మీద ఆ చల్లదనం ఉంది. దిగువ మొదలయ్యాక లేదు.

ల్యాబులో మేడం ముందు మోచేతి నెత్తురు చూసి కెవ్వుమంది, తర్వాత గొట్టాలు చూసింది. అన్నిటా తేట నీరే. చంటిదాని గొట్టం అయితే అద్దంలా ఉంది.

ఎర్రదాన్ని ట్రాలీ ఆటోలో షెడ్డుకి తెచ్చారు. కొంటామని ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు వెంటనే వచ్చారు. ఎన్ని గుర్రాలో, ఎంత వేగమో తెలుసుకుని కళ్ళు మెరిపించారు. వదిన గుమ్మంలో నిలబడి, "అమ్మడానికి కాదు నాయనా. వెళ్ళండి, మీ అమ్మలు ఎదురుచూస్తుంటారు" అని తరిమేసింది. గ్రీజు మేస్త్రి ముందుగా చెయిను ఊడబెరికి, దాన్ని పట్టకారుతో ఎత్తి పాత నూనె డబ్బాలో వేసి మూత బిగించాడు. తర్వాత బండిని ముక్కముక్కగా విప్పేశాడు. విప్పుతున్నంతసేపూ వీపు గోడకి ఆనించుకునే కూర్చున్నాడు.

"ఏం మేస్త్రీ, నడుము నొప్పా?" అంది వదిన.

"అలాంటిదేలే చెల్లెమ్మా" అని నీళ్ళు నమిలాడు.

వదిన పోరు పడలేక ఆయన అవతలి ఊరి నుంచి సామాను తెప్పించి ముసలిదాన్ని లేపాడు. క్యారియరు వెల్డింగు మాత్రం మిగిలిపోయింది. బండి చేతికొచ్చిన రోజే వదినకి కూడా ల్యాబులో మోకాళ్ళ కోసం ఏదో పరీక్ష ఉంది. సరే, వదిన వెనక కూర్చుంది, ఒళ్ళో డబ్బా పెట్టుకుంది.

"మెల్లగా పోనియ్యవే."

"ఇది గట్టిగా పొమ్మన్నా పోదు వదినా, భయపడకు."

డుబ్బు డుబ్బుమంటూ సిగ్నల్ దాకా వచ్చారు. గోడ మీద ఎర్రరంగు గీత ఇంకా ఉంది. డబ్బా అక్క అటు చూడలేదు. క్లచ్ వదిలింది. ముసలిది ఒక్కసారి గుర్రుమని, ఉన్న నాలుగు గుర్రాలనీ పిలుచుకుని ఎత్తెక్కడం మొదలుపెట్టింది.

వీపు మధ్యలో అరచెయ్యి ఆనింది.

"వదినా, చెయ్యి తియ్యి."

"ఏ చెయ్యి? రెండు చేతులూ నీ డబ్బా మీదే ఉన్నాయి కదే, పడేస్తే మళ్ళీ నన్నే అంటావు!"

డబ్బా అక్క వీపుతో విన్నది. చెయ్యి తోయడం లేదు. ముసలిదానికి తోపుడు అక్కర్లేదు కూడా. ఊరికే ఉంది, అంతే. వెచ్చగా ఉంది. నాలుగు చోట్ల వెచ్చగా, ఉంగరం వేలి చోట ఖాళీగా ఉంది.

భుజాలెగరేస్తే పోతుందని ఆవిడకి తెలుసు. ఎత్తంతా ఎగరెయ్యలేదు. పైన చదునులోనూ ఎగరెయ్యలేదు. దిగువ అయిపోయి, ల్యాబు సందు మలుపు తిరిగాక, అప్పుడు, కళ్ళు తుడుచుకోవడానికి వీల్లేక రెప్పలార్చుకుంటూ, రెండు భుజాలూ మెల్లగా ఎగరేసింది.

ఆ క్షణమే చెయ్యి తీసేశాడు.

"ఏంటే ఆ ఎగరెయ్యడం?" అంది వెనకనుంచి వదిన. "ఇంత ఎండలో చలేస్తోందా?"